విశ్వాసము, క్రియలు: అబ్రాహాము విషయంలో పౌలు, యాకోబు నిజంగా విభేదించారా?

బెరయ_పాఠకుడు (చర్చను ప్రారంభించినవారు)

సహోదరీ సహోదరులకు వందనములు. మా సంఘంలో బాప్తిస్మానికి సిద్ధపడే యువతీ యువకులకు వాక్యపాఠాలు చెప్పే బాధ్యత నాకు ఉంది. రోమా పత్రిక మూడవ అధ్యాయంలో పౌలు “ధర్మశాస్త్ర సంబంధమైన క్రియలు లేకుండ విశ్వాసమువలననే” మనుష్యులు నీతిమంతులుగా తీర్చబడుతున్నారని రాశాడు. యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయంలో “విశ్వాసమూలమున మాత్రము గాక క్రియల మూలమునను” అని రాశాడు. ఇద్దరూ అబ్రాహామునే సాక్షిగా నిలబెట్టారు, ఇద్దరూ ఆదికాండము 15:6నే ఉదహరించారు. రక్షణ విశ్వాసం ద్వారా, క్రియలు దాని ఫలం అని మనం సాధారణంగా చెప్పే జవాబే నేనూ చెప్పాను. అప్పుడు తరగతిలో ఒక అమ్మాయి లేచి, “ఫలం లేకపోతే ఆ విశ్వాసం నిజమైనది కాదంటున్నారు. అలాగైతే ఆ ఫలం కూడా ఒక షరతే కదా, మరి రక్షణ ఉచితమని ఎందుకు అనాలి?” అని అడిగింది. ఇది దాటవేయదగిన ప్రశ్న కాదు. వేర్వేరు సంఘాల నేపథ్యం గలవారు ఇక్కడ ఉన్నారు కనుక, తమ సంఘం ఏమి బోధిస్తుందో, దానికి ఏ వాక్యం ఆధారమో వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

గుంటూరు_లూథరన్

అబ్రాహాము జీవితాన్ని వరుసగా చదివితే చిక్కులో సగం విడిపోతుందని నా అభిప్రాయం. హారాను విడిచి బయలుదేరినప్పుడు అతని వయస్సు 75 ఏళ్లు. నక్షత్రాలను చూపించి దేవుడు చేసిన వాగ్దానాన్ని అతడు నమ్మినదీ, అది అతనికి నీతిగా ఎంచబడినదీ 15వ అధ్యాయంలో ఉన్నాయి. అతని 86వ ఏట హాగరుకు ఇష్మాయేలు పుట్టాడు, 99వ ఏట సున్నతి జరిగింది, 100వ ఏట ఇస్సాకు పుట్టాడు, మోరీయా కొండకు వెళ్లడం ఆ తరువాతి సంగతి. పౌలు చూపంతా 15వ అధ్యాయం మీద, అందులోనూ అది సున్నతికి ముందే జరిగిందన్న విషయం మీద నిలిచింది (రోమా 4:10). ఎందుకంటే అన్యజనులు (యూదులు కానివారు) సున్నతి పొందకుండానే దేవుని ప్రజలలో చేరగలరా అన్నది అతని ముందున్న వివాదం. యాకోబు చూపు 22వ అధ్యాయం మీద ఉంది. ఇస్సాకును బలిపీఠం మీద ఉంచినప్పుడు ఆ పూర్వపు లేఖనం “నెరవేర్చబడెను” అంటాడు. యాకోబు చూపించే రెండవ సాక్షి రాహాబు. ధర్మశాస్త్రం ఎరుగని పరదేశి స్త్రీ, వేగులవారిని దాచిపెట్టి తన ప్రాణాన్ని పణంగా పెట్టింది. ఆమెలో యాకోబు మెచ్చిన క్రియ ఆచారానికి సంబంధించినది కానే కాదు.

ఈ రెండు అధ్యాయాల మధ్య హాగరు వృత్తాంతం ఉన్నదని మనం తరచుగా మరచిపోతాము. నీతిమంతుడుగా ఎంచబడిన మనిషి ఆ తరువాత వాగ్దానాన్ని తన సొంత ఉపాయంతో నెరవేర్చుకోబోయాడు. అయినా దేవుడు తాను ఎంచినదాన్ని రద్దు చేయలేదు. కనుక విధేయతలో వచ్చే ప్రతి లోటూ విశ్వాసం లేదనడానికి రుజువు కాదు.

మా లూథరు యాకోబు పత్రికను 1522లో గడ్డి పత్రిక అన్నాడని అందరూ గుర్తుచేస్తారు. అదే ఏడాది రోమా పత్రికకు రాసిన ముందుమాటలో, విశ్వాసం సజీవమైనదనీ, ఊరకనే ఉండలేనిదనీ, సత్‌క్రియలు చేయాలా అని అడిగేలోపే వాటిని చేసి ఉంటుందనీ ఆయనే రాశాడు. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణంలో ఆరవ అధికరణం నూతన విధేయత గురించినదే. విశ్వాసికి ధర్మశాస్త్రంతో పనిలేదని తన శిష్యుడు యోహాన్ అగ్రికోలా బోధించినప్పుడు, 1530ల చివర ఆయన అతనితో బహిరంగంగా వాదించాడు.

ఫిరంగిపురం_వాసి

నేను కథోలికుడను. క్రియల వలన రక్షణ సంపాదించుకోవచ్చునని మా శ్రీసభ బోధిస్తుందని ఇలాంటి చర్చలలో పలుమార్లు చదివాను. 1547 జనవరిలో మా శ్రీసభ నడిపిన త్రెంతు మహాసభ ఆరవ సమావేశంలో వెలువడిన నిర్ణయాలలో మొట్టమొదటి నిషేధమే దానికి జవాబు: క్రీస్తు ద్వారా వచ్చే కృప లేకుండా మనిషి తన సొంత క్రియలచేత దేవుని ఎదుట నీతిమంతుడు కాగలడని చెప్పేవారిని ఆ సభ శపించింది. నీతిమంతునిగా తీర్చబడడానికి ముందు ఉండే ఏదీ, అది విశ్వాసమైనా క్రియలైనా, ఆ కృపను సంపాదించదని అదే తీర్మానం ఎనిమిదవ అధ్యాయం చెబుతుంది. మాకూ మీకూ తేడా లేదని నేను అనను. కృపలో ఉన్న మనిషి ప్రేమతో చేసే పనులు ఆ నీతిని నిజంగా వృద్ధి చేస్తాయని మేము నమ్ముతాము. లూథరన్ సహోదరులు అవి ఆ నీతికి చిహ్నాలు మాత్రమేనంటారు. అయితే 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్ నగరంలో రెండు పక్షాలూ సంతకం చేసిన ఉమ్మడి ప్రకటన సత్‌క్రియలు నీతీకరణను (దేవుడు మనిషిని నీతిమంతునిగా తీర్చడాన్ని) అనుసరించి వస్తాయనీ, దాని ఫలాలనీ ఒప్పుకుంది. మెథడిస్టులు 2006లో, రిఫార్మ్‌డ్ సంఘాల కూటమి 2017లో దానితో చేయి కలిపారు.

మా దృష్టిలో అసలు మాట గలతీ 5:6లో ఉంది: “ప్రేమవలన కార్యసాధకమగు విశ్వాసమే”. ప్రేమ లేని నమ్మిక తప్పుడు నమ్మిక కాకపోవచ్చు, కానీ అది ప్రాణం లేనిది. దేవుడు ఒక్కడేనని దయ్యాలు కూడా నమ్మి వణుకుతున్నాయని యాకోబు అన్నప్పుడు, వాటి జ్ఞానంలో తప్పు పట్టలేదు.

యొర్దాను_బాట

మా క్రీస్తు సంఘంలో ఈ విషయాన్ని ఇంకొంచెం సూటిగా చెబుతాము. పెంతెకొస్తు దినాన జనులు “మేమేమి చేతుము” అని అడిగినప్పుడు పేతురు ఏమీ చేయనక్కరలేదని చెప్పలేదు. మారుమనస్సు పొంది, పాపక్షమాపణ నిమిత్తం బాప్తిస్మం పొందమన్నాడు. అది క్రియ కనుక రక్షణకు బయటిదని మీరు అంటారు. సిరియా సైన్యాధిపతి నయమాను సంగతి చూడండి. యొర్దానులో ఏడు మారులు మునిగిన తరువాతనే అతని కుష్ఠు పోయింది. దమస్కు నదులు మేలైనవని కోపంతో తిరిగి వెళ్లిపోయి ఉంటే కుష్ఠరోగిగానే ఉండిపోయేవాడు. అయినా ఆ మునక స్వస్థతకు వెల కాదు. అతడు తెచ్చిన వెండినీ బంగారాన్నీ ప్రవక్త ఎలీషా ముట్టలేదు, దాని కోసం వెంటపడిన అతని సేవకుడు గేహజీకి శిక్ష తగిలింది. ఉచితంగా ఇవ్వబడేదాన్ని కూడా ఇచ్చేవాడు చెప్పిన చోట, చెప్పిన విధంగానే పుచ్చుకోవలసి ఉంటుందని ఇందులో నేర్చుకుంటాము.

గుంటూరు_లూథరన్

బాప్తిస్మం గురించిన మీ ముగింపుతో నేను పూర్తిగా ఏకీభవించలేను. సిలువ మీది దొంగ ఏ నీళ్లలోనూ దిగలేదు. అయినా నయమాను ఉదాహరణ తరగతిలో ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు దారి చూపుతున్నది. షరతు అంటే, ఏదో పొందడానికి మనం ఇచ్చే ప్రతిఫలం. విధేయత అలాంటిది కాదు. ఆదికాండము 12లో “బయలుదేరుము” అన్న ఆజ్ఞ, “నిన్ను ఆశీర్వదింతును” అన్న వాగ్దానం ఒకే మాటలో కలిసి వచ్చాయి. దేవుడు వాగ్దానం పలికినప్పుడు దానిమీద ఆనుకొని ఉండేదీ, ఆజ్ఞ పలికినప్పుడు లేచి నడిచేదీ ఒకటే విశ్వాసం, ఎందుకంటే పలికినవాడు ఒక్కడే. ఆశీర్వాదం నాకు కావాలి, ఊరు మాత్రం విడిచిపెట్టను అని అబ్రాహాము అని ఉంటే, అతడు ఆజ్ఞను మీరాడని మాత్రమే చెప్పి ఊరుకోలేము. వాగ్దానాన్ని కూడా నమ్మలేదని చెప్పాలి. పౌలు తన అపొస్తలత్వమంతా సమస్త జనులు “విశ్వాసమునకు విధేయులగునట్లు” అని రోమా పత్రిక మొదట్లోనే చెప్పుకున్నాడు. ఆ దొంగ సైతం తనకు మిగిలిన కొద్ది గడియలలో తోటి నేరస్థుని గద్దించాడు, తన నేరాన్ని ఒప్పుకున్నాడు, అందరూ అపహసిస్తున్నవానిని రాజుగా పిలిచాడు.

గుండ్లకమ్మ_తీరం

గ్రంథాలలోని వాదం బాగుంది. మన నేలమీద ఈ ప్రశ్న ఎలా పరీక్షకు వచ్చిందో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టు కుటుంబాలలో చాలావాటి విశ్వాస చరిత్ర అక్కడే మొదలైంది.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు 1866లో ఒంగోలు వచ్చారు. తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్యగారు ఆ ఏడాదే బాప్తిస్మం పొందారు. ఆయన ద్వారా మాదిగ పల్లెలలోకి సువార్త పాకింది. ఊరిలోని అగ్రవర్ణాల వారికి మిషను బడి కావాలి, మాదిగలు మాత్రం సంఘంలోకి రాకూడదు. ఇద్దరిలో ఎవరిని చేర్చుకోవాలో తేల్చుకోవలసిన ఘడియలో క్లౌగారికీ, వేరే గదిలో ఉన్న ఆయన భార్యకూ 1 కొరింథీ మొదటి అధ్యాయంలోని ఒకే వచన భాగం, దేవుడు లోకంలో నీచులైనవారిని ఏర్పరచుకున్నాడన్న భాగం, కంటపడిందని ఆయన చెప్పుకున్నారు. వారు పల్లెవారిని చేర్చుకున్నారు, బడిలోని అగ్రవర్ణాల పిల్లలు వెళ్లిపోయారు. ఇక్కడ విధేయత మొదట బోధకుని దగ్గర పరీక్షింపబడిందని గమనించండి.

చేరినవారికి ఆయన పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువుల మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. ఇవి చదివి ఇది ధర్మశాస్త్రమే కదా అని నేటివారు అనవచ్చు. కానీ ఆ నాటి పల్లెలో వాటి అర్థం వేరు. ఆదివారం పనికి రాను అన్న మాట మాదిగవాడు రైతు ముఖం చూసి చెప్పవలసిన మాట. ఊరి జాతరలో డప్పు కొట్టను అంటే తరతరాల వెట్టి కట్టును తెంపుకోవడమే. అందుకు శిక్షగా పనులు పోయాయి, బావుల దగ్గరకు, అంగళ్లకు రానివ్వలేదు, దెబ్బలు తిన్నవారూ ఉన్నారు. క్రీస్తు ప్రభువని ఒప్పుకోవడం ఏమిటో వారు అలా తెలుసుకున్నారు.

తరువాత 1876–78 నాటి గొప్ప కరవు వచ్చింది. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పనిని క్లౌగారు కాంట్రాక్టుకు తీసుకొని వేల మందికి కూలి ఇప్పించారు. బోధకులే మేస్త్రీలుగా ఉండి, విశ్రాంతి వేళలలో వాక్యం చెప్పారు. బాప్తిస్మం ఇమ్మని జనం ఎంతగా అడిగినా, తిండి కోసం చేరినవారవుతారేమోనన్న భయంతో ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. సహాయం ముగిసి, ఇక తన దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదని చెప్పిన తరువాత కూడా జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇద్దరేసి బోధకులు వంతులవారీగా ఇచ్చారు.

బియ్యం ఆగిపోయిన తరువాత వచ్చారు కనుక అందరి విశ్వాసమూ నిర్మలమని నేను వాదించను. భారతదేశంలోని సామూహిక ఉద్యమాలను పరిశీలించి జె. వాస్కమ్ పికెట్ 1933లో వెలువరించిన సర్వేలో, మనుషులు ఏ ఉద్దేశంతో సంఘంలోకి వచ్చారన్నదాని కంటే, వచ్చిన తరువాత వారికి ఎలాంటి శిక్షణ, కాపుదల దొరికిందన్నదే వారి క్రైస్తవ జీవితాన్ని ఎక్కువగా నిర్ణయించిందని తేల్చారు. విశ్వాసం సంపూర్ణమయ్యాక విధేయత మొదలవుతుందని మనం అనుకుంటాము. మా పల్లెలలో చాలామందికి విధేయతలో నడుస్తూ ఉండగానే విశ్వాసం కుదుటపడింది. జర్మనీలో నాజీల ఏలుబడిలో ఫింకెన్‌వాల్డె సెమినరీ నడిపిన డీట్రిక్ బాన్‌హోఫర్ 1937లో రాసినది కూడా ఇదే: విశ్వసించేవాడే విధేయుడు, విధేయుడే విశ్వసిస్తాడు. ఆ వాక్యంలో ఏ సగాన్ని విడిచినా రెండవది అబద్ధమవుతుందని ఆయన హెచ్చరించాడు.

బేతనియ_సహోదరి

పెద్దలందరికీ వందనములు. ఇవన్నీ చదువుతుంటే నాకు భయం కలుగుతున్నది. వెట్టిని ఎదిరించి దెబ్బలు తిన్న ఆ విశ్వాసులతో పోల్చుకుంటే నేను విధేయురాలినని చెప్పడానికి ఏమున్నది? ప్రతి ఆదివారం ఒప్పుకోలు ప్రార్థనలో అవే పాపాలు చెబుతున్నాను. నా విశ్వాసం మృతమైనదో సజీవమైనదో తెలుసుకోవడానికి నా క్రియలనే చూసుకోవాలంటే, నాకు నెమ్మది ఎన్నటికీ దొరకదు. ఏమి చేయాలో ఎవరైనా చెప్పండి.

ఫిరంగిపురం_వాసి

సహోదరీ, యాకోబు ఆ మాటలు ఎవరితో అన్నాడో చూడండి. బట్టలు లేక, తిండి లేక నిలబడిన సహోదరుణ్ణి “సమాధానముగా వెళ్లుడి” అని పంపించి, తనకు విశ్వాసం ఉన్నదని నిశ్చింతగా చెప్పుకునేవానితో అన్నాడు. మీలాగా బాధపడుతున్నవారిని నలగగొట్టడానికి ఆ వచనాన్ని వాడకూడదు. యోహాను మొదటి పత్రిక మూడవ అధ్యాయం 17వ వచనం నుండి 20వ వచనం వరకు ఒక్కసారిగా చదవండి. జీవనోపాధి కలిగి ఉండి, లేమిలో ఉన్న సహోదరునిమీద కనికరం చూపనివానిలో దేవుని ప్రేమ ఎలా నిలుస్తుందని యోహాను గట్టిగానే అడుగుతాడు. వెంటనే, మన హృదయం మనమీద దోషారోపణ చేస్తే దేవుడు మన హృదయం కంటే అధికుడని చెబుతాడు. పరీక్ష, ఓదార్పు ఒకే చోట ఉన్నాయి, ఒకదాని కోసం మరొకటి తగ్గించబడలేదు.

తన కుమారుణ్ణి యేసు దగ్గరకు తెచ్చిన ఆ తండ్రి “నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము” అన్నాడు. ఆ విశ్వాసంలో బలమేమీ లేదు, కానీ ఆ తండ్రి సరైనవాని దగ్గరకు వచ్చాడు, బిడ్డ బాగుపడ్డాడు. మీ నిశ్చయతను మీ క్రియలలో వెదకకండి, క్రీస్తులో వెదకండి. క్రియలను మీ పొరుగువారి కోసం చేయండి, మీ నెమ్మది కోసం కాదు.

గుంటూరు_లూథరన్

ఈ జవాబు కథోలిక సహోదరుడు రాశారని చెప్పకపోతే, నేను మా సంఘపు ప్రసంగంలోనిదే అనుకునేవాడిని. నాకు చేర్చడానికి ఏమీ లేదు. ఆజ్ఞాపింపబడినవన్నీ చేసిన తరువాత కూడా “మేము నిష్‌ప్రయోజకులమైన దాసులము” అని చెప్పమన్న లూకా 17:10ని మాత్రం దీని పక్కన ఉంచుకోండి.

డోర్నకల్_దారి

చర్చ ఎక్కువగా అబ్రాహాము చుట్టూ తిరిగింది. పౌలు ఈ బోధను తీవ్రంగా వాదించిన మరో సందర్భాన్ని మీ ముందు ఉంచుతాను. గలతీ రెండవ అధ్యాయంలో, అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి భోజనం చేస్తూ ఉండి, యెరూషలేము నుండి కొందరు రాగానే వారికి భయపడి వెనుదీశాడు. పేతురు నోటితో ఏ తప్పుడు బోధా చేయలేదు. విశ్వాసం వలననే నీతిమంతులమవుతామని అతనికి తెలుసు, అడిగితే ఒప్పుకునేవాడు. అయినా పౌలు అందరి ఎదుట అతణ్ణి నిలదీసి, వారు “సువార్త సత్యము చొప్పున క్రమముగా నడుచుకొనకపోవుట” చూశానన్నాడు. ధర్మశాస్త్ర క్రియల వలన ఎవడూ నీతిమంతుడుగా తీర్చబడడన్న ప్రసిద్ధమైన మాట ఆ వెంటనే వస్తుంది. అంటే, భోజనపు బల్ల దగ్గర నుండి లేచిపోవడాన్ని పౌలు ఆ సిద్ధాంతపు తిరస్కారంగానే చూశాడు. యాకోబు కూడా ఆ అధ్యాయాన్ని బంగారు ఉంగరం పెట్టుకొని వచ్చినవానికి మంచి పీట, దరిద్రునికి నేల అన్న విషయంతోనే మొదలుపెట్టాడు. ప్రభువైన యేసుక్రీస్తును గూర్చిన విశ్వాస విషయంలో మోమాటం (పక్షపాతం) గలవారై ఉండకండి అన్నాడు. ఇంత దూరం వచ్చాక పౌలుకూ యాకోబుకూ మధ్య నాకు గొడవ కనిపించదు.

మన తెలుగు సంఘాలకు ఇది నేరుగా తగిలే మాట. మన దగ్గర విధేయత అంటే మద్యం, సినిమా, నగలు, ఆదివారపు హాజరు, దశమభాగం గుర్తుకు వస్తాయి. మాల సంఘం, మాదిగ సంఘం ఒకే ఊరిలో వేర్వేరుగా ఉండడం, పెండ్లి సంబంధాల దగ్గరకు వచ్చేసరికి విశ్వాసుల కంటే కులం ముందు రావడం, పై కులాల నుండి వచ్చిన విశ్వాసులు పల్లెలోని సహోదరుని ఇంట భోజనానికి కూర్చోకపోవడం మాత్రం అవిధేయత లెక్కలోకి రావు. వీటిని సామాజిక సమస్యలని పక్కన పెడతాము. పౌలు వీటిని నీతీకరణ సమస్యగా చూసేవాడు.

బిషప్ వి. ఎస్. అజరయ్యగారు 1912లో మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్‌గా డోర్నకల్ వచ్చారు. బాప్తిస్మం పొందినవారి చేత తలమీద చేయి పెట్టించి, “నేను బాప్తిస్మం పొందినవాడను, సువార్త ప్రకటింపకపోతే నాకు శ్రమ” అని చెప్పించేవారు. చదువు రాని కూలివారు ఆ మాట చెప్పి ఊళ్లలోకి వెళ్లారు. వారి ఇళ్లలో, నడతలో వచ్చిన మార్పు చూసి భూములున్న రైతు కులాలవారు కూడా ఆ ప్రాంతంలో సంఘం వైపు తిరిగారు. అయితే అలా వచ్చినవారు తమకు సువార్త తెచ్చినవారితో కలిసి ప్రభువు బల్ల (ప్రభు రాత్రి భోజన సంస్కారం) దగ్గర కూర్చున్నారా లేదా అన్నది ప్రతి సంఘం తన చరిత్రలో వెదుక్కోవలసిన విషయం.

యొర్దాను_బాట

డోర్నకల్ సహోదరుని మాట అంగీకరిస్తూనే ఒక ప్రశ్న. కులాన్ని విడిచిపెట్టనివాడు, లేదా తన పొలంలో పనిచేసినవారి కూలిని బిగబట్టినవాడు (యాకోబు 5:4 చూడండి) విశ్వాసాన్ని నోటితో చక్కగా ఒప్పుకుంటే, సంఘం అతనికి ప్రభువు బల్లను ఇవ్వవచ్చునా? మద్యం తాగినవారిని మన సంఘాలు నిలిపివేస్తాయి. ఇతణ్ణి నిలిపివేసిన సంఘాన్ని నేను చూడలేదు.

డోర్నకల్_దారి

మొదట కాపరి, పెద్దలు అతనితో ఏకాంతంగా మాట్లాడాలి; మత్తయి 18లో ప్రభువు చెప్పిన క్రమం అదే. అతడు ఆ కూలిని చెల్లించేలా చేయడం అతణ్ణి బహిష్కరించడం కంటే మేలు. సుంకరియైన జక్కయ్య విషయంలో, “నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది” అని ప్రభువు అన్నది, నాలుగంతలు తిరిగి ఇస్తానని అతడు చెప్పిన తరువాతనే. ఆ నాలుగంతలతో జక్కయ్య రక్షణను కొనలేదు, ఎందుకంటే ప్రభువు తానే ముందుగా అతని ఇంటికి వస్తానన్నాడు. ఎంత చెప్పినా అతడు వినకపోతే, బల్ల ఇవ్వకూడదని నేను అనుకుంటాను, నాతో విభేదించేవారు ఉంటారని తెలిసీ అంటున్నాను. కొరింథులో కలిగినవారు ముందుగా తిని, పేదవారిని ఆకలితో ఉంచినప్పుడు పౌలు ఆ సంఘపు సిద్ధాంతాన్ని పరీక్షించలేదు, ప్రార్థనలలో లోపం వెదకలేదు. మీరు కూడి వచ్చి తింటున్నది ప్రభువు రాత్రి భోజనం కాదని రాశాడు.